ఖాళీ లేని బండి: తొమ్మిదో భాగం

మంగళవారం మధ్యాహ్నం ఆ చిత్రాన్ని తిప్పి చూసినప్పటి నుంచి రిషితకు అన్నం సయించడం లేదు.

అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్ళో లైబ్రరీ సైన్స్ చదువుతూ వారానికి ఇరవై గంటలు క్యాంపస్ మ్యూజియంలో పనిచేస్తున్నది రిషిత. దాతలు ఇచ్చిన పాత ఫ్రెంచి అచ్చుబొమ్మలను ఒక్కొక్కటే తీసి, కొలిచి, ముందు ఏమున్నదో వెనక ఏమున్నదో కంప్యూటర్‌లో ఎక్కించడం ఆమె పని. పక్క ఊరు మెటుచెన్ నుంచి వచ్చిన పెట్టెలో పదిహేడో కాగితం నూట డెబ్బై ఏళ్ళ కిందటి పారిస్ వీధి. గుర్రాలు లాగే పెద్ద సిటీ బండి. లోపల ఎదురెదురు బల్లల మీద జనం మోకాళ్ళు రాసుకుంటూ కూర్చున్నారు. ఒకాయన పేపరు చదువుతున్నాడు, ఒకావిడ ఒళ్ళో కుక్కపిల్ల, ఒక పడుచుపిల్ల మొహం పక్కకు తిప్పుకున్నది. బయట జోరున వాన. చంకలో మూటతో వెనక మెట్టు మీద కాలు పెట్టిన ఒక స్త్రీని కండక్టర్ చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు. బొమ్మ కింద ఫ్రెంచిలో, ఖాళీ లేదని ఒకే మాట.

వెనకవైపు పెన్సిల్‌తో తెలుగు అక్షరాలున్నాయి. బల్లలను రెండు గీతలుగా గీసి, మనుషులు కూర్చున్న చోట పేర్లు రాశారెవరో. నాన్న. అమ్మ. వసంత. శంకరం. మెట్టు దగ్గర, నేను. అడుగున ఛాయ, 1977.

భీమశంకరం రిషిత తండ్రి. వసంతలక్ష్మి ఆయన చిన్నక్క, రిషితకు మేనత్త. ఛాయాదేవి పెద్ద మేనత్త. తెనాలిలో వాళ్ళ హాల్లో దండ వేసిన ఫొటో ఆవిడదే. 1976లో అమెరికాలో కారు ప్రమాదంలో పోయిందని రిషిత పుట్టినప్పటి నుంచి వింటున్నది. పోయిన మనిషి మరుసటి ఏడాది పెన్సిల్ పట్టుకుని పేర్లెలా రాసిందో మూడు రోజులుగా ఆమెకు అంతుపట్టలేదు. దానపత్రం మీద సంతకం మాత్రం సి. దేవి అని ఉన్నది.

"వెనక రాత ఎవరిదో దాతను అడిగి రా, రికార్డుకి కావాలి" అన్నది అచ్చుబొమ్మల విభాగం పెద్ద మార్గరెట్. ఆ పేర్లలో ఒకటి తన తండ్రిదని రిషిత ఆవిడకు చెప్పలేదు.

శనివారం ఉదయం పదవుతుండగా రూమ్మేట్ దేదీప్య ఆమెను మెటుచెన్ స్టేషన్ పక్కన ఇటుకల అపార్ట్‌మెంట్ ముందు కార్లో దింపింది.

"నేను కూడా రానా?"

"వద్దు. అయిపోయాక కాల్ చేస్తా."

రెండో అంతస్తు. బెల్లు కొట్టాక చాలాసేపటికి తలుపు తెరుచుకున్నది. అరవై దాటిన మనిషి. మెడ దాకా కత్తిరించిన తెల్లజుట్టు, నూలు కుర్తా, దళసరి కళ్ళద్దాలు. ఆవిడ రిషిత మొహంలోకి కాక, ఆమె చెవి పక్కగా ఎక్కడో చూస్తున్నది. గడ్డం మధ్యలో చిన్న సొట్ట. అద్దంలో షేవ్ చేసుకుంటున్న నాన్న మొహంలో రిషిత రోజూ చూసిన సొట్ట అది.

"ఫ్రమ్ ద మ్యూజియం? కమ్ ఇన్" అన్నది ఆవిడ ఇంగ్లీషులో.

దారి పొడుగునా రిషిత ఇంగ్లీషు వాక్యాలు కూర్చుకుంటూ వచ్చింది. ఒక్కటీ నోటికి రాలేదు.

"మాది తెనాలండీ" అన్నది.

తలుపు మీద ఉన్న చెయ్యి అలాగే ఉండిపోయింది. కొంతసేపటికి, చాలా ఏళ్ళుగా వాడని గొంతుతో ఆవిడ తెలుగులో అడిగింది. "తెనాలిలో ఎవరి అమ్మాయివి?"

"భీమశంకరం గారి అమ్మాయినండీ. రిషిత."

కింద ఎక్కడో లోకల్ ట్రైన్ ఆగి వెళ్ళిపోయింది. ఆవిడ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"చెప్పులు అక్కడ వదిలి రా" అన్నది.

వంటింట్లో చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ కలిపింది. కప్పు అంచులోపల వేలు పెట్టి, పాలు వేలికి తగలగానే వంపడం ఆపింది. కప్పు తీసుకురాబోయి ఒకసారి కుర్చీకి తగులుకున్నది. సాయం చేద్దామని రిషిత లేస్తే కూర్చోమన్నట్టు చెయ్యి చూపించింది.

"ఎలా కనిపెట్టావు?"

"బొమ్మ వెనక పేర్లున్నాయి."

"చెరిపేద్దామనే అనుకున్నాను. నాకు చూపు మధ్యలో పోయిందమ్మా. ఎటు చూస్తే అటు ఒక మరక. అంచులు కనబడతాయి, మనిషి మొహం కనబడదు. నలభై కాగితాల్లో అదేదో పోల్చుకోలేకపోయాను. అక్కడ తెలుగు చదివేవాళ్ళెవరుంటారులే అని పంపించేశాను." కప్పు రిషిత వైపు జరిపి, "చూడలేని బొమ్మలు ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోను" అన్నది.

రిషిత కాఫీ ముట్టుకోలేదు. "మీరు చనిపోయారని..."

"తెలుసు. పేపర్లో చూశాను."

ఆ మాట ఎంత మామూలుగా చెప్పిందంటే, రిషితకు వెంటనే అర్థం కాలేదు.

"డెబ్బై ఏడు, మే నెల. వసుమతి అని కాలేజీలో నా స్నేహితురాలు, ఇక్కడే ఎడిసన్‌లో ఉండేది. వాళ్ళింట్లోనే నేనూ ఉండేదాన్ని. ఇండియా నుంచి వచ్చిన కుర్రాడెవరో ఆవకాయ సీసా తెచ్చాడు. నూనె కారకుండా దాని చుట్టూ తెలుగు పేపరు చుట్టారు. అప్పట్లో తెలుగు అచ్చు కంటబడటమే గొప్ప. చదువుకుందామని ఆ కాగితం బల్ల మీద పరిచి చేత్తో సాపు చేశాను. నూనె మరక మధ్యలో నా ఫొటో. ప్రథమ వర్ధంతి అని ఉంది. 'నీ జ్ఞాపకాలతో, అమ్మ, నాన్న, వసంత, శంకరం.' వసుమతి నవ్వబోయింది. నా మొహం చూసి ఆగిపోయింది."

"అసలు వాళ్ళెందుకు అలా..."

"మీ ఇంట్లో ఏం చెప్పారు నీకు?"

"మీ వారు డాక్టరని. షికాగో దగ్గర ఉండేవారని. రాత్రి డ్యూటీ నుంచి ఆయన్ని తీసుకొస్తుంటే యాక్సిడెంట్ అయిందని."

ఛాయాదేవి తల ఊపింది. "నాకు డ్రైవింగే రాదు అప్పటికి."

ఆవిడ చెప్పినది పెద్ద కథేమీ కాదు. డెబ్బై నాలుగులో పెళ్ళయి షికాగో పక్కన నేపర్‌విల్ వచ్చింది. అప్పుడు దాని చుట్టూ ఇంకా మొక్కజొన్న చేలే. దిగిన మూడో రోజు భర్త కూర్చోబెట్టి నిజం చెప్పాడు. అతనికి అప్పటికే భార్యలాంటి ఒక అమెరికన్ మనిషి, నాలుగేళ్ళ పాప ఉన్నారు. అమ్మానాన్నల పోరు పడలేక ఈ పెళ్ళి చేసుకున్నాడు. నీకేమీ లోటు రానివ్వను, ఇంట్లో ఉండు, ఊరికి మాత్రం ఏమీ రాయకు అన్నాడు.

"చెయ్యి చేసుకోలేదు. గట్టిగా కూడా మాట్లాడలేదు. ఆ పాప ఆదివారాలు వచ్చేది. నన్ను పనిమనిషి అనుకునేది. ముద్దుగా ఉండేది, దాని తప్పేముంది. ఎనిమిది నెలలు చూశాను. నాన్నకి రాస్తే సర్దుకోమన్నాడు. రెండోసారి రాస్తే జవాబే లేదు. ఒకరోజు ఆయన హాస్పిటల్‌కి వెళ్ళాక బస్సెక్కి వసుమతి దగ్గరకు వచ్చేశాను. కారు ప్రమాదం అన్న మాట ముందు ఆయన నోటి నుంచే వచ్చిందట. నాన్న దాన్ని పట్టుకున్నాడు. ఇద్దరికీ కలిసొచ్చింది."

రిషితకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. ఎదురుగా ఉన్న మనిషి మీదే అది పోయింది.

"మరి మీరు బతికే ఉన్నానని ఎందుకు రాయలేదు? ముప్పై అయిదేళ్ళు. ఫోన్లొచ్చాయి, మెయిల్స్ వచ్చాయి. ఒక్కసారి కాల్ చేస్తే అయిపోయేది కదా అత్తయ్యా. నానమ్మ ఆ ఫొటో ముందు ఏడ్చి ఏడ్చి పోయిందంట."

అత్తయ్యా అన్న పిలుపు తన నోటి నుంచి వచ్చిందని రిషిత గమనించలేదు. ఛాయాదేవి గమనించింది. ఆవిడ చేతులు బల్ల మీద ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి.

"రాశాను" అన్నది.

లేచి, గోడ పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళి ఒక ఫోల్డర్ తెచ్చింది. ముప్పై ఏళ్ళు లైబ్రరీలో పనిచేసిన మనిషి. లోపల, మ్యూజియంలో వాడేలాంటి పారదర్శకమైన కవరులో ఒక నీలిరంగు ఏరోగ్రామ్ ఉత్తరం ఉన్నది.

"పేపర్లో చూసిన వారానికే మీ నాన్నకి, కాలేజీ అడ్రసుకి రాశాను. ఇంటికి రాస్తే నాన్న చేతిలో పడుతుందని. నేను బతికే ఉన్నాను, అమ్మకి చెప్పమని. వాడు జవాబిచ్చాడు. చదువు. నాకు అక్షరాలు కనబడటం లేదు."

"అందులో ఏముందో మీకు తెలుసు కదా."

"తెలుసు. ఇంకొకరి గొంతులో ఎప్పుడూ వినలేదు."

ఉత్తరం మీద ఇంగ్లీషు అడ్రసు చూడగానే రిషిత ఆ రాతను పోల్చుకున్నది. ఒకటో తరగతి నుంచి ఆమె పుస్తకాల అట్టల మీద పేర్లు రాసిన దస్తూరీ అది. కుడివైపుకు కొంచెం ఒరిగి, తోకలు పొడుగ్గా. భీమశంకరం ఫిజిక్స్ లెక్చరర్. ఏడో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు మీద ఒకటిని ఏడుగా దిద్దినందుకు ఆయన కూతుర్ని కొట్టలేదు. చెయ్యి పట్టుకుని స్కూలుకు తీసుకువెళ్ళి, క్లాసంతా చూస్తుండగా టీచరుకు ఆమె చేతే చెప్పించాడు. ఇంటికి వచ్చే దారిలో, తప్పు చేసినా క్షమిస్తాను, అబద్ధం ఆడితే మాత్రం నిన్ను నా కూతురని చెప్పుకోలేను అన్నాడు. ఆ మాట రిషిత ఇవాళ్టికీ మరిచిపోలేదు.

ఆమె చదవడం మొదలుపెట్టింది.

"అక్కయ్యకు నమస్కారాలు. నీ ఉత్తరం అందింది. క్షేమంగా ఉన్నందుకు సంతోషం. చదివాక చింపేశాను, ఏమీ అనుకోకు. ఇంట్లో ఎవరి కంటా పడకూడదు.

"నాన్న అలా ఎందుకు చెప్పారో నీకు తెలియనిది కాదు. మొగుణ్ణి వదిలి వెళ్ళిపోయిందని తెలిస్తే చిన్నక్కను ఎవరు చేసుకుంటారు? పోయిన అక్కను చూసి జాలిపడతారు గాని వెళ్ళిపోయిన అక్కను చూసి కాదు. ఇప్పుడు మంచి సంబంధం కుదిరింది. అబ్బాయి ఇరిగేషన్‌లో ఇంజనీరు. శ్రావణంలో ముహూర్తం. అమ్మ ఏడాది మంచం పట్టి ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతున్నది. ఆమెను మళ్ళీ కదిలించే ధైర్యం నాకు లేదు."

రిషిత చదవడం ఆపింది. "ఇది తాతగారు చెప్పి రాయించారేమో."

"మా నాన్న భాష అది కాదు. చదువు."

"చిన్నక్కకు మాత్రం అంతా చెప్పాను. నీ ఉత్తరం చదివి వినిపించాను. తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అక్క నా కోసం ఈ ఒక్క మేలు చేస్తే చాలు, జన్మలో ఇంకేమీ అడగను అన్నది. ఇవి తన మాటలే గాని నావి కావు. కాబట్టి ఇక మీదట రాయవద్దు. రాసినా నేను విప్పను. ఇట్లు, శంకరం."

చదవడం అయిపోయింది. రిషిత ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టలేదు. రెండోసారి వసంత గురించి రాసిన ఆ నాలుగు వాక్యాల మీదికి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగింది.

"వీళ్ళందరి మీదా నాకు కోపం పోయింది" అంటున్నది ఛాయాదేవి. "నాన్న సంగతి తెలిసిందే. అమ్మకి తెలియదు, పాపం. శంకరానికి పంతొమ్మిదేళ్ళు నిండలేదు, ఇంటి బరువు నెత్తి మీద పెట్టారు. కాని వసంత మా అమ్మ కన్నా నాకే ఎక్కువ చేరిక. దాన్ని నేను ఎత్తుకుని పెంచాను. అది నోరు తెరిచి అడిగిందంటే ఇంక నేను కాదనగలనా? సరే, చచ్చిపోయాననుకున్నాను. ఆ బొమ్మ ఆ వారమే న్యూయార్క్‌లో పాత పుస్తకాల షాపులో చూశాను. మొహం తిప్పుకున్న ఆ పడుచుపిల్ల ఉంది చూశావా, అచ్చం వసంతలాగే..."

"అత్తయ్యా" అన్నది రిషిత. "వసంత అత్తయ్యకి తెలియదు."

"ఏమిటి?"

"మీరు బతికి ఉన్నారని తెలియదు. ఎప్పుడూ తెలియదు. ఇందులో నాన్న రాసింది అబద్ధం."

"నువ్వు పుట్టలేదమ్మా అప్పటికి."

"పుట్టకపోయినా నాకు తెలుసు." రిషిత ఉత్తరాన్ని బల్ల మీద పెట్టింది. "వసంత అత్తయ్య వాళ్ళ అమ్మాయి పేరు ఛాయ. ప్రతి ఏడూ మీ రోజున తెనాలి వచ్చి, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా వంద మందికి స్వయంగా వడ్డిస్తుంది. నాకు వీసా వచ్చినప్పుడు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి ఏమడిగిందో తెలుసా? మా అక్కని ఎక్కడ దహనం చేశారో కూడా మాకు చెప్పలేదే, బూడిద ఎక్కడ కలిపారో కనుక్కో, నీళ్ళయితే ఆ నీళ్ళ దగ్గరకు వెళ్ళి ఒక్కసారి దణ్ణం పెట్టు, నా పేరు చెప్పు అంది. సరే అన్నాను. ఇక్కడికి వచ్చాక చదువు, జాబు, అసలు మర్చేపోయాను. ఫోన్ చేసినప్పుడల్లా అడగాలని ఉండి అడగదు. నాకు తెలుస్తుంటుంది. తెలిసిన మనిషి అలా అడుగుతుందా?"

ఛాయాదేవి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అద్దాలు లేని ఆ కళ్ళు రిషిత భుజం పక్కగా గోడను చూస్తూ ఉండిపోయాయి.

"నేను దాన్ని చూశాను" అన్నది చివరికి.

"ఎవర్ని?"

"వసంతని. తొంభై ఎనిమిదిలో. లైబ్రరీ వాళ్ళ సదస్సుకి హైదరాబాద్ వెళ్ళాను. ఇరిగేషన్ ఇంజనీరు కదా, ఆఫీసులో పేరు చెప్పి అడ్రసు పట్టుకోవడం కష్టం కాలేదు. ఊరికే ఇల్లు చూసి వద్దామని. మే నెల ఎండ. గేటు దగ్గర నిలబడ్డాను. అది వడియాలు ఎండబెడుతోంది. కొంచెం లావైంది. నన్ను చూసి గేటు దాకా వచ్చింది. నల్లకళ్ళద్దాలు, పొట్టిజుట్టు, ప్యాంటూ, ఎలా పోల్చుకుంటుంది? ఎవరు కావాలండీ అంది. నా పేరు గొంతు దాకా వచ్చింది. అడిగి మరీ చంపించుకున్న మనిషి ముందు నిలబడి ఏం చెప్పను? ఇల్లు పొరపాటు పడ్డానండీ అన్నాను."

రిషిత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నది.

"ఎండలో వచ్చారు, ఆగండి అని లోపలికి పరిగెత్తి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. తాగాను. గ్లాసు తిరిగిచ్చాను. దాని వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి. మెల్లగా వెళ్ళండి అంది. సందు చివరిదాకా నడిచి, అక్కడ ఆటోలో కూర్చుని, ఎంత రాయిగుండె దీనిదని తిట్టుకుంటూ ఏడ్చాను. పద్నాలుగేళ్ళుగా తిట్టుకుంటూనే ఉన్నాను."

అంతసేపూ నిదానంగా మాట్లాడిన మనిషి అక్కడ ఆగిపోయింది.  ముందుకు వంగిపోయింది. లోపలి నుంచి వచ్చిన ఆ మూలుగు రిషిత ఎప్పుడూ విని ఎరుగనిది. ఆమె కుర్చీ వెనక్కి తోసి వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నది. ఏం చెయ్యాలో తెలియక ఆవిడ పాదం పట్టుకున్నది. ఛాయాదేవి చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె తల మీద పడింది. అక్కడి నుంచి నుదురు, ముక్కు, బుగ్గలు. కనబడని మొహాన్ని వేళ్ళతో చూసుకుంటున్నదని రిషితకు కొంతసేపటికి గాని తెలియలేదు.

"దాన్ని చేతికందే దూరంలో పెట్టుకుని పోగొట్టుకున్నాను" అన్నది ఆవిడ. "శంకరం కాదు. నేనే."

"మీరు కాదు అత్తయ్యా."

"ఒక్క మాట అని ఉంటే అయిపోయేది. వసంతా అని పిలిచి ఉంటే."

అప్పుడు రిషిత బ్యాగులో ఫోన్ మోగింది.

ఆమెకు చూడకుండానే తెలుసు. శనివారం పదిన్నర. అక్కడ రాత్రి భోజనానికి కూర్చోబోయే ముందు నాన్న కాల్ చేసే వేళ. ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది.

"ఎవరు?"

"నాన్న."

ఛాయాదేవి కొంగు లేని కుర్తా చేతితోనే మొహం తుడుచుకున్నది. వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నది.

"ఎత్తు. నాకు వినబడేటట్టు పెట్టు. నేనేమీ మాట్లాడను. వాడి గొంతు ఎలా ఉందో విని ఊరుకుంటాను."

రిషిత స్పీకర్ నొక్కి ఫోన్ బల్ల మీద పెట్టింది.

"అమ్మలూ, ఏంటి ఎత్తవు? బయట ఉన్నావా?" కులాసాగా ఉన్నది భీమశంకరం గొంతు. "ఉద్యోగం చేసుకోవడానికి ఆ ఓపీటీ కార్డు వచ్చిందా? ఆ ఇంటర్వ్యూ సంగతేమయింది?"

"ఇంకా రాలేదు నాన్నా."

"వస్తుందిలే. టెన్షన్ పడకు. ఇదిగో, గురువారం మీ పెద్దత్తయ్య రోజు కదా. పేపర్లో వెయ్యడానికి ఫొటో ఇప్పుడే ఇచ్చి వచ్చాను. వంటవాళ్ళకి చెప్పాం. మీ వసంతత్తయ్య పొద్దుటే దిగింది. మీ అమ్మా తనూ వంటింట్లో ఉన్నారు."

ఛాయాదేవి కళ్ళు మూసుకున్నది. ఆ గొంతు చివరిసారి విన్నప్పుడు అది ఇంకా పూర్తిగా మగగొంతు కాలేదు.

అడగకూడదనే రిషిత అనుకున్నది. ఇంటికి వెళ్ళి, ఆలోచించుకుని, అమ్మతో ముందు మాట్లాడి. కాని పేపరుకు ఫొటో ఇచ్చి వచ్చానన్న మాట ఆమె చెవిలో నిలిచిపోయింది.

"నాన్నా, ఒకటి అడుగుతాను. నిజం చెప్పాలి."

"నీతో ఎప్పుడు అబద్ధం చెప్పాను?"

"డెబ్బై ఏడులో ఛాయత్తయ్య నీకు ఉత్తరం రాసిందా?"

అవతల సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినబడుతున్నది. టీవీలో ఎవరో వార్తలు చదువుతున్నారు. డెబ్బై ఆరులో పోయిన మనిషి డెబ్బై ఏడులో ఎలా రాస్తుందే పిచ్చిదానా అని నాన్న అంటే బాగుండునని రిషిత కోరుకున్నది. ఆ ఒక్క మాట అంటే చాలు, ఈ కాగితం ఎవరిదో అనుకుంటుంది. ఆయన అనలేదు. టీవీ ఆగిపోయింది. ఆయనే ఆపినట్టున్నాడు.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు భీమశంకరం. చాలా మెల్లగా.

రిషితకు తండ్రి ఉన్నాడు గాని, ఇరవై నాలుగేళ్ళు తను ఎరిగిన మనిషి ఆ క్షణంలో లేకుండా పోయాడు. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారి గడ్డం కింద చేరుతున్నాయి. తుడుచుకోలేదు.

"వసంత అత్తయ్యకి చదివి వినిపించానని రాశావు. వినిపించావా?"

"రిషీ. ఫోన్లో మాట్లాడే విషయం కాదమ్మా ఇది."

"వినిపించావా నాన్నా?"

"అప్పుడు పరిస్థితులు నీకు తెలియవు. చిన్నక్క పెళ్ళి... నేను పంతొమ్మిదేళ్ళవాణ్ణి. తర్వాత చెబుదామంటే, ఎలా చెప్పను? ఏడాదికేడాది గడిచిపోయింది. అమ్మ పోయింది. ఇప్పుడు చిన్నక్కకి షుగరు, బీపీ. తట్టుకోలేదు. అసలు ఆవిడ ఉందో లేదో కూడా..."

"ఉన్నాను శంకరం" అన్నది ఛాయాదేవి.

ఏమీ మాట్లాడనని కూర్చున్న మనిషి. ఆ మాట ఆవిడ అనుకుని అన్నది కాదు. బల్ల మీద ఫోన్ వైపు కాస్త వంగి, చిన్నపిల్లవాడిని నిద్రలేపేటంత మృదువుగా అన్నది.

అవతల ఏదో కింద పడి దొర్లింది. స్టీలు గ్లాసు కావచ్చు. భీమశంకరం ఊపిరి మాత్రం వినిపించింది. ఒకసారి లోపలికి పీల్చుకున్నాడు, అది బయటకు రాలేదు.

"అక్కయ్యా" అన్నాడు.

అంతే అన్నాడు. కాని ఆ ఇంట్లో ముప్పై ఆరేళ్ళుగా ఎవరూ ఎవరినీ ఆ పిలుపుతో పిలవలేదు. వసంతలక్ష్మి అతనికి ఎప్పుడూ చిన్నక్కే.

వంటింటి వైపు నుంచి ఏదో మూత చప్పుడవుతున్నది. ఆ చప్పుడు ఆగింది. తర్వాత నాపరాళ్ళ మీద అడుగులు, మొదట మామూలుగా, తర్వాత వడివడిగా. గాజులు మోగాయి. ఫోన్ చేతులు మారుతున్న గరగర.

"వద్దు చిన్నక్కా, ఆగు, ముందు నేను చెప్పేది విను" అంటున్నది భీమశంకరం గొంతు, దూరం నుంచి.

రిషిత మేనత్త చెయ్యి పట్టుకున్నది. 

ఫోన్‌లో, చెవికి మరీ దగ్గరగా, ఆయాసపడుతున్న ఒక ఆడగొంతు.

"నువ్వు అవతలికి పో శంకరం" అన్నది వసంతలక్ష్మి. "అక్కని మాట్లాడనీ."